గోదావరి జిల్లాల్లో ఎస్‌యూవీ: కరెంటుదా, డీజిల్‌దా?

ధర: కరెంటు బండిపై జీఎస్టీ 5 శాతమే, అయినా బ్యాటరీ వల్ల ఖరీదు ఎక్కువ. 2025 సెప్టెంబరులో 4 మీటర్ల లోపు చిన్న డీజిల్ బండ్లపై పన్ను 18 శాతానికి దిగాక ఆ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

నడిపే ఖర్చు: ఇంట్లో ఛార్జి చేస్తే కిలోమీటరుకు సుమారు రూ.1.50. డీజిల్‌కు రూ.6 పైనే.

ప్రయాణం: అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లి రావడానికి ఒక్క ఛార్జి చాలు. హైదరాబాద్ మాత్రం 400 కిలోమీటర్లకు పైమాటే. సంక్రాంతి రద్దీలో ఛార్జరు ఖాళీ ఉంటుందన్న నమ్మకం లేదు. కొనేవారు ఏడాది పొడవునా తిరిగే దారిని కాక ఆ ఒక్క పండగ ప్రయాణాన్నే లెక్కవేస్తారు. అమ్మకాలు ఆగేది ఇక్కడేనని నా అభిప్రాయం.

వరద: ఐపీ67 రక్షణ ఉన్న బ్యాటరీ మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునేలా పరీక్షించినది. లోపలికి నీరు చేరితే డీజిల్ ఇంజనూ పాడవుతుంది, అయినా జనం భయం బ్యాటరీ మీదే. లంకల దారి మునిగితే రెండూ ఇంట్లోనే, పడవే గతి.

మళ్లీ అమ్మకం: డీజిల్‌కు బేరం త్వరగా కుదురుతుంది.

సొంత ఇంట్లో ఉంటూ రోజూ భీమవరం చెరువుల చుట్టూ తిరిగే రైతుకు కరెంటు బండి మేలు. అద్దె ఇంట్లో ఉండి నెలనెలా హైదరాబాద్ వెళ్లేవారికి ఇప్పటికి డీజిలే.