టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ రివ్యూ: మిగిలిన స్ప్రూ కరిగించి వాడుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ అంటే ప్లాస్టిక్ మోడల్ కిట్ల భాగాల్ని అతికించే పలచటి జిగురు, నంబరు 87038, 40 మి.లీ. గాజు సీసా, ఆకుపచ్చ మూత. స్కేల్ మోడల్స్ చేసేవాళ్లలో దీన్ని అతికించడానికి వాడనివాళ్లు అరుదు. ఆ సంగతి పక్కన పెడదాం. కిట్ పూర్తయ్యాక మిగిలే స్ప్రూ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కల్ని ఇందులో కరిగించి ‘స్ప్రూ గూ’ అనే చిక్కటి ప్లాస్టిక్ పాకం చేసుకోవడానికి ఇది ఎలా ఉంటుందన్నదే ఇక్కడ చూస్తున్నాం. మార్కులు ముందే ఇచ్చేస్తే, సందులు పూడ్చడానికి పదికి తొమ్మిది, అచ్చుల్లో భాగాలు తీయడానికి ఐదు.

ఆ తొమ్మిది ఎందుకంటే, ఇందులో ఉన్నవి ముఖ్యంగా రెండు ద్రావకాలు, అసిటోన్, బ్యూటైల్ అసిటేట్. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి చప్పున ఎగిరిపోతుంది. బ్యూటైల్ అసిటేట్ మరిగేది 126 డిగ్రీల దగ్గర, అది నింపాదిగా పోతుంది. ఉత్త అసిటోన్‌లో వేసిన పాలిస్టైరిన్ (కిట్ ప్లాస్టిక్) ఉబ్బి సాగే ముద్ద అవుతుందే గాని సాఫీగా కరగదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో ప్రయత్నించినవాళ్లకు చివరికి బబుల్ గమ్ మిగిలేది అందుకే. లేత ఆకుపచ్చ మూతతో వచ్చే క్విక్ సెట్టింగ్ రకం (87182) కూడా ఈ పనికి వద్దు. పైన తొక్క కట్టేస్తుంది, లోపల బుడగలు ఉండిపోతాయి. లిమోనీన్ అనే ద్రావకంతో చేసే సిమెంట్ రకం కరిగించడంలో దిట్టే, నారింజ వాసన కూడా బాగుంటుంది, కానీ ఆరడానికి ఓపిక కావాలి. పెయింట్ షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్ చవకే, పనీ చేస్తుంది. అయితే అందులో సాధారణంగా టోలుయిన్ ఉంటుంది. దాని వాసన పీల్చడం మంచిది కాదు, పైగా సిలికోన్ అచ్చును అది ఉబ్బించి కొలతలు చెడగొడుతుంది.

కలిపే ముందు రన్నర్ (అదే స్ప్రూ చట్రం) మీద అచ్చుపడిన అక్షరాలు చూడండి. ‘పీఎస్’ (పాలిస్టైరిన్) అని ఉంటేనే వేయండి. ‘పీఈ’ (పాలిథీన్), ‘పీపీ’ (పాలీప్రొపిలీన్) ఏళ్లు నానబెట్టినా కరగవు. ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ కరుగుతుంది గాని దాన్ని ఇందులో కలపకుండా వేరే సీసాలో పెట్టుకోవడం మేలు. థర్మకోల్ కూడా పాలిస్టైరినే కదా అని వేసేవాళ్లున్నారు. ఆరాక పెళుసుగా ఉంటుంది, గీత గీస్తే అంచు చిట్లుతుంది. కిట్ ప్లాస్టిక్ ఉండగా దానితో పనేముంది?

కొత్త సీసా పాడు చేయనక్కర్లేదు. వాడగా వాడగా అడుగున 10 మి.లీ. మిగిలిన సీసా చాలు. స్ప్రూను పెయింటు, గ్రీజు లేకుండా కడిగి ఆరబెట్టి, నిప్పర్‌తో 2, 3 మి.మీ. ముక్కలుగా కత్తిరించండి. 10 మి.లీ.కి 3 గ్రాములు వేస్తే తీగపాకం వస్తుంది, సందులకు అది సరిపోతుంది. అచ్చులకు ముదురుపాకం కావాలి, 5 గ్రాముల దాకా వేయొచ్చు. మూత బిగించి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు స్టీలు తీగతో కలిపి, ఇంకో పూట ఉంచండి. గబగబా ఊపితే బుడగలొస్తాయి. మూతలోని సన్న బ్రష్ ఇంత చిక్కటిదాన్ని మోయలేదు. టూత్‌పిక్ గాని, తెల్ల మూత టామియా సిమెంట్‌లోని లావు బ్రష్ గాని నయం. మూత మరల మీద పడిన గూ వెంటనే తుడవకపోతే, మళ్లీ తెరవడానికి కటింగ్ ప్లేయర్ వెతుక్కోవాలి.

సందుల విషయంలో దీనికి సాటి పుట్టీ లేదు. ఆరాక అది కిట్ ప్లాస్టికే కాబట్టి ఎమరీ పేపర్‌కు చుట్టుపక్కల భాగంతో సమానంగా అరుగుతుంది, ప్యానెల్ లైన్ (రేకుల అతుకును చూపే సన్న గీత) మీదుగా గీసినా ఊడిరాదు. పెయింట్ వేయకుండా గన్‌ప్లా (గండం రోబో కిట్లు) చేసేవాళ్లకైతే ఇది వరమే, అదే కిట్ రన్నర్‌తో చేస్తే రంగు కూడా కలిసిపోతుంది. 1/35 స్కేల్ ట్యాంకు టరెట్ (ఫిరంగి ఉండే పైభాగం) మీద పలచగా పూసి, గట్టి బ్రష్‌తో పొడిచినట్టు అద్దితే పోత ఇనుము గరుకు దిగుతుంది. ఒకటే జాగ్రత్త. 1/72 విమానం రెక్క వెనకంచు లాంటి పలచని చోట మందంగా పెడితే ఆ భాగమే మెత్తబడి వంగుతుంది.

ఇక అచ్చులు. ఐదు మార్కులే ఎందుకో లెక్క చూడండి. 10 మి.లీ.లో 5 గ్రాములు వేసినా ఆ గూలో ప్లాస్టిక్ వాటా ఘనపరిమాణంలో మూడో వంతు లోపే. మిగతాదంతా గాలిలోకి పోయేదే. అంటే 1 మి.మీ. మందాన వేసిన పొర ఆరాక సుమారు 0.3 మి.మీ.కి దిగుతుంది. ఒకేసారి నింపేస్తే నడుమ గుంట పడుతుంది, తొక్క కింద వారాల తరబడి మెత్తగానే ఉంటుంది, బయటికి తీసేటప్పుడు సాగిపోతుంది.

ట్యాంకు చక్రం హబ్ క్యాప్ ఒకటి పోయిందనుకోండి. ఒయుమారు అనే, వేడికి మెత్తబడే అచ్చు పదార్థాన్ని 80 డిగ్రీల వేడినీళ్లలో మెత్తబరిచి మంచి క్యాప్ మీద నొక్కి, చల్లారాక తీస్తే అచ్చు సిద్ధం. అసలు పని మొదలుపెట్టే ముందు ఆ పదార్థం ముక్క మీద ఒక చుక్క గూ వేసి, అంటుకుంటుందో లేదో చూసుకోండి. తొలి పొర పలచటి గూతో, బోల్టు తలల్లోకి టూత్‌పిక్ మొనతో నెట్టుతూ వేయాలి. వివరమంతా వచ్చేది ఆ పొరలోనే, బుడగ మిగిలితే బోల్టు లేనట్టే. ఆ తర్వాత చిక్కటి పొరలు, పొరకూ పొరకూ మధ్య ఒక రోజు. అచ్చు పైభాగం తెరిచే ఉండాలి. రెండు ముక్కల మూసిన అచ్చులో ద్రావకానికి దారి ఉండదు. మందం 1.5 మి.మీ. దాటితే దీనితో కుస్తీ పట్టకుండా ఎపాక్సీ పుట్టీకి వెళ్లిపోవడం మంచిది.

పాలిథీన్ షీట్ మీద పలచగా పరిచి ఆరబెడితే కాగితంలాంటి రేకు ఊడి వస్తుంది. నలిగిన మడ్‌గార్డులకు, చిరిగిన టార్పాలిన్‌కు బాగుంటుంది. అంచులు ముడుచుకుంటాయి, వాటిని కోసి పారేయాలి.

మండే ద్రవం కాబట్టి స్టవ్, అగరుబత్తి దరిదాపుల్లో వద్దు, కిటికీ తీసి పని చేయండి. ఎండాకాలం మూత తీసిన ప్రతిసారీ గూ చిక్కబడుతుంది, రెండు మూడు చుక్కల కొత్త సిమెంట్ వేస్తే మళ్లీ పాకానికొస్తుంది. కలపడానికి యూజ్ అండ్ త్రో ప్లాస్టిక్ కప్పు తీసుకోకండి, చాలా కప్పులు పాలిస్టైరిన్‌వే, బల్ల మీదికి కారిపోతుంది. పూడ్చిన సందుకు ప్రైమర్ వేయడానికి కనీసం వారం ఆగండి. తొందరపడితే ఆరినట్టే కనిపించిన గీత, రంగు వేసిన నెలకు మళ్లీ లోపలికి దిగుతుంది.