స్క్రూలు విప్పకుండా త్రీడీఎస్‌కు ఫైళ్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్ న్యూ త్రీడీఎస్ ఎక్స్‌ఎల్‌లో మైక్రో ఎస్‌డీ కార్డు తీయాలంటే వెనక మూతకున్న రెండు స్క్రూలు వదులు చేసి, మూత ఊడదీయాలి. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కొత్తలో ఈ పని రోజుకు నాలుగైదుసార్లు చేసేవాణ్ణి. నెల తిరక్కముందే ఒక స్క్రూ తల అరిగిపోయింది. కావలి ట్రంకు రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడికి తీసుకెళ్తే ఆ అబ్బాయి తంటాలు పడి విప్పి, "అన్నా, ఇంకోసారి తిప్పితే ఇది నా వల్ల కూడా కాదు" అన్నాడు. ఆ రోజు నుంచే వైఫై మీద పంపడం మొదలుపెట్టాను.

అన్నిసార్లు కార్డు ఎందుకు తీశానంటే, మా పాప కోసం ఒక ఆట రాస్తున్నాను. కింది స్క్రీన్ పుల్లతో రాసే రకం కాబట్టి దాన్నే పలక చేశాను. పై స్క్రీన్‌లో అక్షరం కనపడుతుంది, మా అమ్మ గొంతు దాన్ని పలుకుతుంది, పాప కింద దిద్దుతుంది. ఈ మిషన్ ఫాంటులో తెలుగు లేదు. అందుకని 56 అక్షరాలనూ బొమ్మలుగా గీసి పెట్టాను. గీత రెండు పిక్సెళ్లు పక్కకు జరిగినా 'మ' చూసి 'య' అనుకుంటుంది పిల్ల. లాప్‌టాప్‌లో బాగున్నది 320 బై 240 స్క్రీన్ మీద బాగుండదు. సరిచేసిన ప్రతిసారీ మిషన్‌లో చూసుకోవాల్సిందే.

వైఫై మీద పంపడానికి నేను వాడే ప్రోగ్రాములు రెండు, రెండూ ఉచితమే. హోమ్‌బ్రూ, అంటే కంపెనీవి కాకుండా మనలాంటివాళ్లు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములు, నడిచేలా ముందే సిద్ధం చేసుకున్న మిషన్ ఉండాలి. మొదటిది త్రీడీఎస్‌లింక్. హోమ్‌బ్రూ లాంచర్‌లో వై బటన్ నొక్కితే మిషన్ ఎదురుచూస్తూ ఉంటుంది. లాప్‌టాప్‌లో ఒక్క కమాండ్ కొడితే ప్రోగ్రామ్ వచ్చి, దానంతటదే మొదలవుతుంది. మార్చడం, పంపడం, చూడడం అన్నీ నిమిషంలో అయిపోతాయి. నా ఆట పూర్తయిందంటే దీని చలవే. మిషన్‌ను అదే వెతుక్కుంటుంది కానీ విండోస్ ఫైర్‌వాల్ అడ్డం పడినప్పుడు దొరకదు. అందుకని రౌటర్‌లో మిషన్‌కు ఒకే ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) ఉండిపోయేలా పెట్టి, కమాండ్‌లో ఆ అడ్రసే ఇస్తాను.

రెండోది ఎఫ్‌టీపీడీ, ఎఫ్‌టీపీ అనే పాత పద్ధతిలో నెట్‌వర్క్ మీద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేది. మిషన్‌లో తెరిస్తే ఐపీ అడ్రసు, పక్కనే 5000 అనే పోర్టు నంబరు చూపిస్తుంది. వాటిని లాప్‌టాప్‌లో ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌లో ఇస్తే కార్డు మొత్తం లాప్‌టాప్‌లో కనపడుతుంది. ఫైల్‌జిల్లా మామూలుగా రెండు ఫైళ్లు ఒకేసారి పంపుతుంది. నాకు అలా మధ్యలో ఆగిపోయేది, ఒకటికి తగ్గించాక పోయింది. వేగం మాత్రం తక్కువ, మా ఇంట్లో సెకనుకు ఒక ఎంబీ దాటింది లేదు. చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఇంకా నత్తనడకే. అమ్మ గొంతు ఫైళ్లు విడివిడిగా పంపి విసిగిపోయి, చివరికి బొమ్మలనూ శబ్దాలనూ ప్రోగ్రామ్ ఫైల్ లోపలే కట్టేశాను.

ఎండాకాలం కరెంటు పోయినప్పుడు అసలు తలనొప్పి. మిషన్‌కు, లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, ఆరిపోయేది రౌటరే. సగం వచ్చిన ఫైల్ అదే పేరుతో కార్డులో ఉండిపోతుంది, తెరిస్తే మిషన్ బిగుసుకుపోతుంది. మొదటిసారి మిషనే పోయిందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో! ఇప్పుడు రౌటర్‌ను ఇన్వర్టర్ లైన్‌కు మార్చాను. పంపాక రెండు వైపులా ఫైల్ సైజు సరిచూడకుండా తెరవను.

ఈ మిషన్‌కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. వైఫై భద్రతలో కొత్త రకమైన డబ్ల్యూపీఏ3 అర్థం కాదు, రౌటర్‌లో పాత డబ్ల్యూపీఏ2 ఉంచాలి. కందుకూరులో మా అత్తగారింట్లో ఒకసారి గెస్ట్ వైఫై ఇచ్చారు. మిషన్‌కు, లాప్‌టాప్‌కు రెండింటికీ నెట్ వస్తోంది, ఒకదానికొకటి మాత్రం కనపడవు. గెస్ట్ నెట్‌వర్క్‌లో పరికరాల్ని విడదీసి పెడతారని తెలియక రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. చివరికి ఫోన్ హాట్‌స్పాట్‌ను 2.4కు మార్చి పంపాను. ఎఫ్‌టీపీలో వెళ్లేది ఏదీ గుప్తంగా ఉండదు కాబట్టి లాడ్జిల్లో, కాఫీ షాపుల్లో వాడకండి.

పాత త్రీడీఎస్ ఉన్నవాళ్లకు కార్డు పక్కనుంచే చేతికొస్తుంది, అప్పుడప్పుడు పంపేవాళ్లయితే కార్డ్ రీడరే హాయి. నా మిషన్‌లో మూత చివరిసారి తీసింది కార్డు మొత్తం బ్యాకప్ చేసుకోవడానికి, రెండేళ్ల కింద. నిన్న సాయంత్రం పాప పుల్ల పట్టుకొచ్చి, "నాయనా, గుణింతాలు ఎప్పుడొస్తాయి?" అని అడిగింది. క గుణింతం బొమ్మలు గీయడం అయింది, ఈ రాత్రికి పంపుతాను.