సీటానా, టర్న్‌బెర్రీ మాటా: అట్లాంటిక్ వ్యాపారానికి ఏది మేలు?

యూరప్ నుంచి అట్లాంటిక్ దాటించి సరుకు అమ్ముకునేవాళ్లకు ఇప్పుడు రెండు రకాల ఏర్పాట్లున్నాయి. కెనడాకు పంపితే సీటా అనే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. అమెరికాకైతే 2025 జులై 27న స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీలో, ట్రంప్ సొంత గోల్ఫ్ రిసార్టులో, ఆయనకూ యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్‌కూ కుదిరిన అవగాహన.

నిజానికి అమెరికాతోనూ పెద్ద ఒప్పందమే చేసుకోవాలనుకున్నారు. టీటిప్ పేరుతో 2013లో మొదలుపెట్టి 15 విడతలు మాట్లాడుకున్నారు. క్లోరిన్ నీళ్లతో కడిగిన కోడిమాంసం మాకొద్దంటూ యూరప్ జనం రోడ్డెక్కారు. 2016 చివరికి చర్చలు ఆగిపోయాయి. 2019లో ఆ పాత చర్చల ఆదేశాలకు కాలం చెల్లిందని యూరప్ దేశాలే తేల్చేశాయి.

సీటా కథ కూడా సాఫీగా ఏం సాగలేదు. 2009లో మొదలైన చర్చలు 2014లో ముగిశాయి. తీరా 2016 అక్టోబరులో సంతకాల వేళకు బెల్జియంలోని వాలోనియా ప్రాంతం అడ్డం తిరిగింది. ఒక చిన్న ప్రాంతం మొత్తం యూరోపియన్ యూనియన్‌ను ఆపేస్తుందా అని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. నాకైతే అక్కడి నాయకుడు పాల్ మాగ్నెట్ పట్టు సబబే అనిపిస్తుంది. విదేశీ కంపెనీలు ప్రభుత్వాల మీద వేసే కేసులను ఎవరు విచారించాలన్నది చిన్న విషయం కాదు. ఆ పట్టు వల్లే బెల్జియం ఆ అంశాన్ని యూరప్ న్యాయస్థానానికి పంపింది. సీటాలోని ఆ విచారణ ఏర్పాటు యూరప్ చట్టాలకు విరుద్ధం కాదని 2019లో కోర్టు తేల్చింది.

2017 సెప్టెంబరు 21 నుంచి సీటా అమల్లో ఉంది, సభ్యదేశాలన్నీ ఆమోదించలేదు కాబట్టి అదీ 'తాత్కాలికం' అన్న ముద్రతోనే. 2024లో ఫ్రాన్స్ సెనేట్ కాదంది కూడా. అయినా మొదటి రోజే 98 శాతం రకాల సరుకుల మీద సుంకం పోయింది.

అలాగని సుంకం పోగానే సరుకు అమ్ముడుపోదు. కెనడా గొడ్డుమాంసానికి యూరప్ ఏడాదికి దాదాపు 50 వేల టన్నుల కోటా ఇస్తే, అందులో కొద్ది భాగమే వాడుకుంటున్నారు. హార్మోన్లు వేయని పశువుల మాంసమే కావాలన్నది యూరప్ షరతు. అలా పెంచడం అక్కడి రైతులకు ఖర్చుతో కూడిన పని.

ఇక టర్న్‌బెర్రీ. యూరప్ సరుకుల్లో చాలావాటిపై 15 శాతం సుంకమని కుదిరింది. ఉక్కు, అల్యూమినియం మీద 50 శాతం అలాగే ఉంచారు. బదులుగా అమెరికా పారిశ్రామిక సరుకుల మీద యూరప్ సుంకాలు ఎత్తేయాలి, 750 బిలియన్ డాలర్ల ఇంధనం కొనాలి. గ్యాస్ కొనేవి కంపెనీలు, మాటిచ్చిందేమో బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ పెద్దలు! అన్నిటికన్నా పెద్ద లోపం, అమెరికా ఇచ్చిన మాటకు పూచీ లేకపోవడం. 2026 జనవరిలో, డెన్మార్క్ ఏలుబడిలోని గ్రీన్‌లాండ్ తమకు కావాలన్న గొడవలో ట్రంప్ ఎనిమిది యూరప్ దేశాల మీద అదనంగా 10 శాతం వేస్తానన్నారు. కొద్ది రోజులకే వెనక్కి తగ్గారనుకోండి, కానీ అప్పటికే ఆర్డర్లు తీసుకున్న ఎగుమతిదారుకు ఆ టెన్షన్ ఎవరు తీరుస్తారు?

అందుకే చిన్న వ్యాపారికి సీటాయే మేలని నేనంటాను. నెమ్మదిగా వచ్చినా, వచ్చే ఏడాది సుంకం ఎంతో ఇప్పుడే తెలుస్తుంది. జర్మనీ కార్ల కంపెనీల లెక్క మాత్రం వేరు. 2025లో అమెరికాలో 27.5 శాతం సుంకం కట్టినవాళ్లకు 15కి దిగడమే పెద్ద ఊరట. సీటాలా ఐదేళ్లు చర్చలు జరిగేదాకా ఆగండంటే వాళ్లు ఆగరు.