పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్: బెజవాడలో ఏది కొనాలి?

రెండూ టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే పెట్టెలే: పీఎస్5 (ప్లేస్టేషన్ 5) సోనీది, ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్‌ది. కాగితం మీద ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌దే పైచేయి. దాని గ్రాఫిక్స్ చిప్‌లో 52 కంప్యూట్ యూనిట్లు (బొమ్మల లెక్కలు చేసే భాగాలు) 1.825 గిగాహెర్ట్జ్ దగ్గర స్థిరంగా నడుస్తాయి; మొత్తం 12 టెరాఫ్లాప్స్ పైనే, అంటే సెకనుకు 12 లక్షల కోట్లకు పైగా లెక్కలు. మామూలు పీఎస్5లో ఉన్నవి 36, అవి 2.23 గిగాహెర్ట్జ్ దాకా పరిగెడతాయి, మొత్తం 10.28 టెరాఫ్లాప్స్. ప్రాసెసర్ రెండింట్లోనూ ఏఎండీ జెన్ 2, ఎనిమిది కోర్లు. టీవీ ముందు కూర్చున్నాక ఈ తేడా చాలా ఆటల్లో కంటికి ఆనదు.

ఆనేది స్టోరేజీ. పీఎస్5లో ఆటలు దాచే ఎస్ఎస్‌డీ డ్రైవ్ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది, ఎక్స్‌బాక్స్‌ది 2.4. చోటు చాలకపోతే పీఎస్5లో కంప్యూటర్లలో వాడే మామూలు ఎం.2 జెన్4 ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు. బీసెంట్ రోడ్డులో అడిగేటప్పుడు సెకనుకు 5,500 ఎంబీ వేగం, హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) రెండూ ఉన్నాయా చూడండి. హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటితే మూత పట్టదు. ఎక్స్‌బాక్స్‌కి ప్రత్యేకమైన కార్డే కావాలి, ధర ఎక్కువ. యూఎస్‌బీ డ్రైవ్‌లో కొత్త తరం ఆటలు దాచుకోవడమే, ఆడటం కుదరదు. ఇది రెండింటికీ వర్తిస్తుంది.

మెమరీ రెండింటికీ 16 జీబీ. పీఎస్5లో అంతటా సెకనుకు 448 జీబీ వేగం. ఎక్స్‌బాక్స్‌లో 10 జీబీకి 560, మిగతా 6 జీబీకి 336. సర్దుకునే తలనొప్పి ఆట తయారుచేసేవాళ్లది, మనది కాదు.

ఇక ఎండ. పీఎస్5కి సోనీ చెప్పిన గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు. రోహిణి కార్తెలో ఏసీ లేని గది దాన్ని ఇట్టే దాటేస్తుంది, ఫ్యాను హోరెత్తుతుంది. అద్దాల టీవీ స్టాండులో ఇరికించొద్దు. ఎక్స్‌బాక్స్‌కి వేడిగాలి పైనుంచి పోతుంది కనుక నెత్తిన ఏమీ పెట్టకూడదు. ఏసీ ఉంటే ఏదైనా సరే, నా ఓటు మాత్రం పీఎస్5కే.