వరికి నత్రజని: యూరియా బస్తానా, నానో సీసానా, జీలుగా? ఏది మేలు?

2025 ఆగస్టులో తెలంగాణలో చాలా చోట్ల యూరియా కోసం సొసైటీల ముందు పాస్‌బుక్కులు, చెప్పులు లైన్లో పెట్టి జనం తెల్లవారుజాము నుంచే కాపలా కాశారు కదా, అప్పటినుంచి మా వైపు ఎవరిని కదిలించినా ఇదే మాట. బస్తా దొరక్కపోతే నానో యూరియా (సీసాలో వచ్చే ద్రవం) కొట్టుకుంటే సరిపోదా, జీలుగ (భూమిలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు) వేస్తే యూరియా మానేయొచ్చా అని. సాగర్ ఆయకట్టులో వరి చేసేవాళ్ళం కాబట్టి వరి వరకే చెప్తా, పత్తికీ మిర్చికీ లెక్క వేరు.

ముందు ఎంత కావాలో చూడండి. వానాకాలం వరికి ఎకరానికి 40 నుంచి 48 కిలోల నత్రజని చాలని మన వ్యవసాయ యూనివర్సిటీ చెప్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం అంటే 20.7 కిలోలు, డీఏపీ అనే ఎరువు బస్తాలో ఇంకో 9 కిలోలు, అంటే ఒక డీఏపీ రెండు యూరియా వేస్తేనే 50 దాటింది. అయినా మా వైపు మూడు బస్తాలు, నాలుగు బస్తాలు చల్లేవాళ్ళున్నారు, ఎందుకంటే రేటు 266 రూపాయల 50 పైసలే, చల్లిన వారానికి పైరు నల్లబడుతుంది, అంటే ముదురు ఆకుపచ్చకి తిరుగుతుంది, కంటికి కనిపిస్తుంది.

యూరియాతో వచ్చే చిక్కంతా నిలవనీళ్ళలో చల్లడంతోనే. మడిలో నీళ్ళుండగా వేస్తే కొంత అమ్మోనియాగా గాల్లోకి, కొంత నీళ్ళతో కాలవలోకి, ఇంకొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది, ఈ చివరిది భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు గట్టిది. పైరుకి అందేది సగం కూడా ఉండదు. అందిన దాంట్లో ఎక్కువైంది మళ్ళీ చీడపీడలకే. మా మామయ్య ఒక ఏడు సాంబ మసూరికి చిరుపొట్ట దశలో (పైరు లోపల కంకి మొదలయ్యేటప్పుడు) ఇంకో బస్తా వేశాడు, "అల్లుడూ, పైరు నల్లగుంటేనే గింజ" అని. ఇరవై రోజులకి దుబ్బులు పక్కకి నెట్టి చూస్తే మొదళ్ళ దగ్గర, నీటికి కాస్త పైన, గోధుమరంగు దోమ (పైరు రసం పీల్చే పురుగు) గుంపులు గుంపులుగా, ఇంకో వారానికి మడి మధ్యలో గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోయింది. ఆ బస్తా ఖర్చు 266, దోమమందు ఖర్చు దానికి ఎన్ని రెట్లో ఆయనకే తెలుసు.

ఇక నానో సీసా. 500 మిల్లీలీటర్లు, 4 శాతం నత్రజని అని మొదట వచ్చింది. గుణిస్తే 20 గ్రాములు. కిలోలు కాదండీ, గ్రాములు. సీసా ఒకటి బస్తా ఒకదానికి సమానం అని ప్రచారం చేశారు, ఆకు బాగా పీల్చుకుంటుంది అంటారు, సరే మొత్తం పీల్చుకుందనే అనుకుందాం, అయినా 20 గ్రాములేగా! ఎకరానికి పాతిక క్వింటాళ్ళు పండితే గింజలోకి పోయే నత్రజనే పాతిక కిలోల దాకా ఉంటుంది, అదెక్కడినుంచి రావాలి? భూమిలోంచే లాగుతుంది, ఒకటి రెండు పంటలు ఏమీ తెలియదు, తర్వాత భూమి చిక్కిపోతుంది. పంజాబ్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు యూరియా తగ్గించి నానో కొట్టి రెండేళ్ళు చూస్తే వరి, గోధుమ రెండిట్లోనూ దిగుబడి పడిపోయింది. వానలకి మునిగి తేరుకుంటున్న పైరుకి పైన స్ప్రే చేయాలనుకుంటే మామూలు యూరియానే లీటరుకి 20 గ్రాములు కలిపి కొట్టండి, 200 లీటర్లకి 4 కిలోలు, పాతిక రూపాయల్లోపు, అందులో నత్రజని 1.8 కిలోలు. సీసా రేటేమో 225. బస్తా బదులు సీసా అంటగడితే మాత్రం తీసుకోకండి, నాకు ఇందులో రెండో మాట లేదు.

జీలుగ గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే దీన్ని మనవాళ్ళు సబ్సిడీ విత్తనం తెచ్చుకుని కూడా సగం మంది సరిగ్గా వాడట్లేదు. ఎకరానికి 10, 12 కిలోలు చల్లి 45 నుంచి 50 రోజులకి, పూత మొదలవుతుండగా కలియదున్నాలి. నెల దాటాక ఒక మొక్క మెల్లగా పీకి వేరు చూడండి, బుడిపెలుంటాయి, గోటితో చీల్చితే లోపల గులాబీరంగు ఉంటే అది గాల్లో నత్రజనిని పట్టి పనిచేస్తున్నట్టు, తెల్లగానో పచ్చగానో ఉంటే పని సరిగ్గా సాగట్లేదు. బాగా పెరిగితే ఎకరానికి 25 కిలోల చుట్టుపక్కల నత్రజని భూమిలోకి వస్తుంది, అంటే బస్తాకి పైనే. చౌడు భూమిలో కూడా లేస్తుంది. మాకు కాలవ నీళ్ళు ఆగస్టుకి గాని రావు, జూన్ వానలకి చల్లితే ఆ ఖాళీ నెలన్నర దీనికి సరిగ్గా సరిపోతుంది. దున్నేటప్పుడు ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి, వారం పది రోజులు మురగనిచ్చి అప్పుడు నాటాలి. ముదిరి పుల్ల కట్టాక దున్నితే అది మురగదు, నాటు పసుపురంగుకి తిరుగుతుంది, అప్పుడు జీలుగ దండగ అంటారు.

నీళ్ళలో ఆకు మురిగితే మీథేన్ అనే, భూమిని వేడెక్కించే ఇంకో వాయువు కూడా వస్తుంది, అది నిజమే, కాబట్టి జీలుగ వేస్తే మొత్తం శుద్ధం అని నేననను. బోరు కింద యాసంగికి రెండు పంటల మధ్యలో రోజులే ఉండవు, అక్కడ జీలుగ కుదరదు. అలాంటి చోట ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించుకోవడం, యూరియా 50 కిలోలకి 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులుంచి చల్లుకోవడం మేలు.

మా మడిలో ఇప్పుడు చేసేది జీలుగ, దానిమీద బస్తా నుంచి బస్తాన్నర యూరియా, మూడు దఫాలుగా. నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లి, రెండు రోజులయ్యాక మళ్ళీ నీళ్ళు పెడతాం. రెండో దఫా నుంచి ఆకురంగు చార్టు (లేత నుంచి ముదురు దాకా పచ్చరంగు గీతలుండే పట్టీ) చూడకుండా బస్తా విప్పం. పొద్దున పూట, చార్టు మీద ఎండ పడకుండా మన నీడలో పెట్టి, పది దుబ్బుల్లో పైనున్న పూర్తిగా విచ్చుకున్న ఆకు పెట్టి చూడాలి. రకాన్ని బట్టి 3 గాని 4 గాని గీత, ఆరు ఆకులో అంతకంటే ఎక్కువో దానికంటే లేతగా ఉంటేనే చల్లాలి. పోయిన వానాకాలం మూడో దఫాకి నాలుగు ఆకులే లేతగా వచ్చాయి, వారం ఆగాం, మామయ్య గట్టు మీద నిలబడి చార్టు తనే తీసుకుని ఇంకో పది చూశాడు, బస్తా వెనక్కి ఇంటికే తెచ్చాం.