అగ్గిపెట్టె లేకుండా నెగడు: నేర్చుకోవడానికి ఎలాంటి క్యాంపు మేలు?

అగ్గిపెట్టె, లైటర్ లేకుండా మంట రాజేయడం నేర్చుకుందామని బయల్దేరేవాళ్లు ముందుగా పరికరం కొంటారు. ముందు చూడాల్సింది చోటు. నిప్పురవ్వలు రాల్చడం పది నిమిషాల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. ఆ రవ్వను అందుకునే పొడి సరుకు దొరకని చోట రెండు రోజులు కూర్చున్నా చేతుల నొప్పే మిగులుతుంది.

నది ఒడ్డు, చెరువు గట్టు క్యాంపులు కంటికి బాగుంటాయి, ఈ పనికి మాత్రం బాగుండవు. రాత్రి మంచుకు గడ్డి, పుల్లలు, సంచిలోని దూది కూడా చెమ్మగిల్లుతాయి. ఎండ బాగా ఎక్కాకే పని మొదలుపెట్టాలి. పైగా ఏట్లో నానిన గుండ్రాళ్లను మంట చుట్టూ పేర్చడం అక్కడ మామూలు. రాయి లోపలి నీరు ఆవిరైతే రాయి పేలి ముక్కలు ఎగురుతాయి. ఇసుక తీరంలో మంట పాకుతుందన్న భయం తక్కువే గానీ గాలి నిలవనివ్వదు. ఎత్తైన కొండల మీద పుల్లలకే కరువు. అందుకే నా ఓటు అడవి అంచున మట్టినేల క్యాంపుకి: తల మీద కొమ్మలు ఉండకూడదు, నేల మీద ఆకుల మెత్త ఉండకూడదు, రాళ్లతోనో ఇనుముతోనో కట్టిన మంటగుంత ఉండాలి. ఆకుల మెత్త మీద రాజేస్తే నిప్పు కిందికి దిగి, వేర్ల వెంట కనబడకుండా పాకుతుంది.

బుక్ చేసే ముందు మూడు అడగండి. ఆ రోజుల్లో మంటలపై నిషేధం ఉందా? కట్టెలు కప్పు కింద నిల్వ చేస్తారా? నేర్పేవాళ్లుంటే మనిషికో పరికరం ఇస్తారా? పదిమంది ఒక్క పరికరాన్నే పంచుకునే శిక్షణ చూడ్డానికే తప్ప నేర్చుకోవడానికి కాదు. కట్టెల మోపు తీసుకునేటప్పుడు రెండు కట్టెలు ఒకదానికొకటి తగిలించండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. పుల్లకైతే ఇంకా తేలిక: వంచితే ఫట్టున విరగాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఫెర్రో రాడ్ (గీకితే రవ్వలు రాల్చే లోహపు కడ్డీ) చాలు. దీన్ని చాలామంది చెకుముకి అంటారు గానీ రెండూ వేరు. చెకుముకి రాయి ఉక్కు నుంచి సన్నని పొట్టును చెక్కుతుంది, మండేది ఆ ఉక్కే. ఫెర్రో రాడ్‌లో మండేది రాడ్ లోహమే, దాని రవ్వ వేడి 3000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఈ మిశ్రమలోహానికి కార్ల్ అవుయర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో పేటెంట్ పొందాడు. కొత్త రాడ్ మీది నల్లపూతను ముందు గీకేయాలి, లేకపోతే రవ్వలు రావు. రాడ్ కొసను దూదికి ఆనించి, గీకుడు పలకను కదలకుండా పట్టుకుని, రాడ్‌నే వెనక్కి లాగాలి. పలకను ముందుకు తోస్తే చేయి జారి, కష్టపడి పేర్చిన దూది గూడంతా చెదిరిపోతుంది. దాదాపు అందరూ చేసే తప్పు ఇదే.

చెకుముకి రవ్వలు అంత వేడివి కావు. వాటిని అందుకోవడానికి బొగ్గుగుడ్డ, అంటే మండనివ్వకుండా నల్లగా మాడ్చిన గుడ్డ, కావాలి. అచ్చమైన నూలు గుడ్డను 5 సెంటీమీటర్ల ముక్కలు చేసి, మూతకు మేకుతో ఒక్క చిల్లు పెట్టిన రేకు డబ్బాలో వేసి నిప్పుల మీద ఉంచాలి. చిల్లులోంచి పొగ ఆగిపోయాక దించాలి. పూర్తిగా చల్లారకుండా మూత తీస్తే గాలి తగిలి గుడ్డ బూడిదవుతుంది. గోధుమరంగులో ఉంటే ఇంకా కాలాలి.

ఇక విల్లుతో తిప్పి నిప్పు తీయడం. దీనికి సగం రోజు కేటాయించే క్యాంపునే నమ్మండి. కదురుకి (విల్లు తాడు చుట్టి తిప్పే నిలువు కర్రకి) 20 సెంటీమీటర్ల పొడవు, బొటనవేలంత లావు ఉండాలి. కదురు కొస ఆనే కింది పలక మందం 1.5 నుంచి 2 సెంటీమీటర్లు. రెండూ గోరు గుచ్చితే నొక్కు పడేంత మెత్తని ఎండుకర్రవే కావాలి. కదురు తిప్పి పలకలో గుంట కాల్చుకున్నాక, పలక అంచు నుంచి గుంట నడిమి దగ్గరికి, గుండ్రంలో ఎనిమిదో వంతు వెడల్పున గంటు కోయాలి. గంటు కింద ఒక ఎండుటాకు పరచాలి. ఒక కాలు పలక మీద వేసి, కదురు పై కొసను అదిమే పిడి పట్టిన చేతి మణికట్టును ఆ కాలి ముంగాలికి గట్టిగా ఆనించాలి. ఈ ఆనింపు వదులైతే కదురు ఎగిరి పడుతుంది.

మొదట విల్లును ఈ కొస నుంచి ఆ కొస దాకా నింపాదిగా లాగాలి. గంటు పొడితో నిండి, పొగ చిక్కబడ్డాకే వేగం, ఒత్తిడి రెండూ పెంచాలి. ఏం తప్పుతోందో పొడే చెబుతుంది. లేత గోధుమరంగు పొడి రాలుతుంటే ఒత్తిడి చాలలేదు. కీచుమని శబ్దం వచ్చి గుంట అద్దంలా మెరిస్తే అది నునుపెక్కింది, చిటికెడు ఇసుక వేసి మళ్లీ తిప్పాలి. కావాల్సింది నల్లని, ముద్దకట్టే పొడి. కదురు ఎత్తేశాక కూడా పొడిలోంచి సన్నటి పొగ దానంతట అదే లేస్తుంటే కణిక (చిన్న నిప్పు ముద్ద) పుట్టినట్టు. ఇక్కడ తొందరపడొద్దు. పలకను మెల్లగా తట్టి వదిలించి, అర నిమిషం చేత్తో గాలి విసిరితే లోపల ఎర్రగా కనబడుతుంది. అప్పుడు ఆకుతో సహా ఎత్తి, బెరడు నార, ఎండుగడ్డి నలిపి చేసిన పిడికెడంత గూట్లోకి జార్చి, మొహం పైకెత్తి కింద నుంచి దీర్ఘంగా ఊదాలి. తెల్లని పొగ ముద్దగా వచ్చిందంటే మరో రెండు మూడు సార్లు ఊదితే భగ్గుమంటుంది.

ఆ మంట ఎక్కువసేపు నిలవదు. అగ్గిపుల్లంత సన్న చితుకులు రెండు గుప్పెళ్లు, పెన్సిలంత పుల్లలు, బొటనవేలంత కర్రలు ముందే వరసగా పెట్టుకోవాలి. గూడు అంటుకున్నాక ఏరుకోవడం మొదలుపెడితే మంట ఆరిపోతుంది.

నైలాన్ గుడారానికి ఒక్క రవ్వ తగిలినా చిల్లే. మంటకు కనీసం 5 మీటర్ల దూరంలో, గాలి వచ్చే వైపున వేసుకునే స్థలం ఇస్తారో లేదో చూడండి. నీళ్ల కుళాయి మంటగుంతకు దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోసి, అరచేతి వెనక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. సెగ తగిలితే ఇంకో బకెట్.