క్రోకె: పోలండ్ ముగ్గురు, మన మిశ్రచాపు

పోలండ్ బ్యాండ్ కదా, గిటార్లూ డ్రమ్సూ దద్దరిల్లుతాయనుకుని క్రోకె పెట్టుకుంటే ఆశాభంగం తప్పదు. ఈ బృందంలో గిటార్ లేదు, డ్రమ్మరూ లేడు. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా మీద తొమాష్ కుకుర్బా, అకార్డియన్ మీద యెజి బావొవ్, నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం డబుల్ బేస్ మీద తొమాష్ లాతొ, అంతే. ముగ్గురూ క్రాకో సంగీత అకాడమీలో చదువుకున్నవాళ్లు, 1992లో జట్టు కట్టారు. తూర్పు యూరప్ యూదుల పెళ్లి సంగీతమైన క్లెజ్మెర్‌తో మొదలుపెట్టి, పోనుపోను జాజ్‌నీ బాల్కన్ జానపదాన్నీ కలుపుకున్నారు. నెల్లూరు, ఒంగోలు వైపు కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో చెవిన పడ్డవాళ్లకు పోలండ్ సంగీతంలోకి ఇంతకంటే దగ్గర దారి లేదు. తాళం తెలిసిందే, స్వరాలూ తెలిసినవే. పలికించే తీరు ఒక్కటే కొత్త. దాన్ని పాడుచేసేవి రెండు: వినేటప్పుడు స్పీకరు, వాయించేటప్పుడు కీబోర్డు.

మొదట వినాల్సింది 2003లో వచ్చిన ‘ఈస్ట్ మీట్స్ ఈస్ట్’. ఇంగ్లండ్ వయొలినిస్టు నైజెల్ కెన్నెడీతో కలిసి చేసిన ఆల్బమ్ ఇది. అందులో ‘యొవానొ యొవాంకె’ అనే మాసిడోనియా జానపదం ఏడక్షరాల నడక. తకిట తక ధిమి అనుకుంటూ ఒకటి, నాలుగు, ఆరు అక్షరాల మీద చప్పట్లు వేస్తే సరిగ్గా మన మిశ్రచాపే. పాశ్చాత్య సంగీతం మాత్రమే తెలిసినవాళ్లు ఈ ఏడు లెక్క దగ్గర తడబడతారు గానీ మనకు నాలుగు ఆవర్తాల్లో చెయ్యి కుదిరిపోతుంది. అయితే ఇది పెద్ద కంపెనీ తీర్చిదిద్దిన ఆల్బమ్. కెన్నెడీ వయొలిన్ ముందుకొచ్చి నిలబడుతుంది, ముగ్గురూ వెనక్కి పోతారు. అందుకని దాని దగ్గరే ఆగిపోతే క్రోకె విన్నట్టు కాదు.

రెండోది 1996 నాటి ‘ట్రియో’. అలంకారాలు లేని క్లెజ్మెర్, మూడు వాద్యాలూ విడివిడిగా వినిపిస్తాయి. ఎవరేం చేస్తున్నారో పట్టుకోవడానికి ఇదే మేలు. మూడోది 2003లోనే వచ్చిన ‘టెన్ పీసెస్ టు సేవ్ ద వరల్డ్’. జాజ్ ధోరణి బాగా ముదిరిందిక్కడ. కుకుర్బా వయోలా వాయిస్తూనే మాటల్లేని రాగం తీస్తాడు. మొదటిసారికి ఇది పెట్టుకుంటే అంతు దొరకదు, కాబట్టి వరస మార్చొద్దు. మధ్యలో 1999 ఆల్బమ్ ‘ద సౌండ్స్ ఆఫ్ ద వానిషింగ్ వరల్డ్’ ఉంది, రాత్రిపూట వినడానికి పనికొస్తుంది. సినిమావాళ్లకు వీళ్లంటే మక్కువ. ‘షిండ్లర్స్ లిస్ట్’ తీస్తూ క్రాకోలో ఉన్నప్పుడు స్పీల్‌బర్గ్ వీళ్లను విని జెరూసలేంలో వాయించమని పిలిచాడు. డేవిడ్ లించ్ 2006 సినిమా ‘ఇన్‌లాండ్ ఎంపైర్’లోనూ వీళ్ల సంగీతం ఉంది. ఆ సంగతి పోస్టర్ మీద వేసుకోవడానికే గానీ వినేవాడికి పెద్దగా ఉపయోగపడదు.

సీడీల కోసం ట్రంకు రోడ్డు షాపులు తిరగక్కర్లేదు, ఆన్‌లైన్ యాప్‌లలో వినడమే. వెతికేటప్పుడు బృందం పేరుతో పాటు ఆల్బమ్ పేరూ కొట్టండి. యాప్ సెట్టింగుల్లో నాణ్యత 320 కేబీపీఎస్‌కి పెంచాలి. గంటకు దాదాపు 144 ఎంబీ ఖర్చవుతుంది. 96కి దించితే డేటా మూడో వంతు కూడా అవదు గానీ కమాను తీగ మీద రాసుకునే గరగర అలుక్కుపోతుంది, వయోలా కీబోర్డు టోన్‌లాగా తయారవుతుంది. అన్ని పాటల శబ్దాన్నీ సమానం చేసే ఆప్షన్ గట్టి స్థాయిలో ఉంటే ఆపేయండి. వీళ్ల సంగీతం గుసగుసలా మొదలై పాట చివరికి కేకవుతుంది. ఆ ఎక్కుదలను చదును చేస్తే మిగిలేదేమీ లేదు.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినొద్దు. డబుల్ బేస్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఫోన్ స్పీకర్ 200 దిగువన దాదాపు మూగ. డ్రమ్మర్ లేని బృందంలో కాలప్రమాణం మోసేది బేసే కాబట్టి అది వినబడకపోతే మిగతా ఇద్దరూ గాల్లో తేలుతున్నట్టుంటుంది. అట్లాగని బ్లూటూత్ స్పీకర్‌లో బేస్ బూస్ట్ నొక్కితే ఇంకో తంటా. మీటిన స్వరం ఆగకుండా సాగి పక్క స్వరం మీద పడుతుంది. ఈక్వలైజర్ మధ్యలో వదిలేయడమే మంచిది. మామూలు ఇయర్‌ఫోన్ రెండింటికంటే నయం.

రెండు స్పీకర్లుంటే ఆరడుగుల ఎడంలో పెట్టి, రెండింటికీ అంతే దూరంలో కూర్చోండి. గది మూలకు నెట్టొద్దు, గోడకు అడుగైనా ఎడం ఉండాలి. మూల బేస్‌ను రెట్టింపు చేసి గుమ్మనిపిస్తుంది. స్లాబు, టైల్స్ ఇళ్లలో శబ్దం కొట్టుకుని తిరిగొస్తుంది కాబట్టి స్పీకర్లకీ మీకూ మధ్య నేల మీద జంపఖానా పరచండి, కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. మే నెల ఒంగోలులో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ వినరు, ఆ చప్పుడులోనేమో నెమ్మది భాగాలన్నీ మునిగిపోతాయి. తెల్లవారుజామున ఫ్యాన్ ఒకటో నంబరు మీద పెట్టుకుని వినడమే దారి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆంప్లిఫయర్ నడిస్తే బుయ్యిమనే మోత వస్తుంది. అది రికార్డింగ్ లోపం కాదు.

ఇక వాయించాలనుకునే ఆర్కెస్ట్రా కుర్రాళ్లకు, చర్చి బృందాలకు. క్లెజ్మెర్‌లో ఎక్కువగా వాడే స్వరవరసను ఫ్రేగిష్ అంటారు. సరళీ స్వరాల మాయామాళవగౌళలో కాకలి నిషాదం తీసి కైశికి నిషాదం పెడితే అదే, అంటే మన 14వ మేళకర్త వకుళాభరణం. రెండు శ్రుతిలో కీబోర్డు మీద డి, ఈ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి, ఎ, బి ఫ్లాట్, సి. క్లెజ్మెర్‌లో వాడే రెండో వరసకు మన హేమవతి స్వరాలే: డి, ఈ, ఎఫ్, జి షార్ప్, ఎ, బి, సి. స్వరాలు కుదిరాయి కదా అని రిషభాన్ని ఊపారా, రంగు మారిపోతుంది. ఆ రిషభం కదలకుండా నిలబడాలి. అలంకారమంతా స్వరం చివర్లో ఉంటుంది, క్రెఖ్ట్స్ అనే చిన్న వెక్కు. వయొలిన్ మీదైతే చిటికెన వేలిని పై స్థానంలో పూర్తిగా నొక్కకుండా తాకించి కమాను ఠక్కున ఆపేయాలి.

కార్డ్స్ దగ్గరే, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల దగ్గరే, అందరూ బోల్తా పడతారు. ఫ్రేగిష్‌కు డి మేజర్, జి మైనర్, సి మైనర్ చాలు. సినిమా పాటల అలవాటు కొద్దీ ముగింపులో చెయ్యి ఎ మేజర్ మీదికి పోతుంది. అందులో సి షార్ప్, మామూలు ఈ ఉన్నాయి, వరసలో ఆ రెండూ లేవు. వయొలిన్‌తో పచ్చిగా గొడవ పడతాయి. సి మైనర్ నుంచి డి మేజర్‌కి దిగండి, ముగింపు దానంతటదే కుదురుతుంది.

కీబోర్డు రిథమ్ లూప్ ఆపేయండి. అందులో ఎక్కువ భాగం నాలుగు లెక్కవే, ఏడక్షరాల పాటకు పట్టవు. పైగా క్లెజ్మెర్ నాట్యపు పాటల్లో కాలం మెల్లగా పెరుగుతుంది, లూప్ పెరగదు. బుల్గర్ అనే నాట్యపు నడక ఎనిమిది అక్షరాల్లో తకిట తకిట తక అని పడుతుంది. చెక్క భజన వాళ్లకు అప్పజెపితే ఎత్తుగడలోనే అందుకుంటారు. కానీ చెక్కలు ఆ మూడు దెబ్బల మీదే పడాలి, సందులన్నీ నింపితే పాట ఊపిరాడక చస్తుంది. అకార్డియన్ లేకపోతే హార్మోనియం సరిపోతుంది, రెండిట్లోనూ గాలికి పలికే రీడ్లే. హార్మోనియంలో ఒక చెయ్యి బెల్లోస్‌కే పోతుంది, అకార్డియన్ ఎడమ చేతి బేస్ బొత్తాల పని చేసేవాళ్లుండరు. ఆ పని కీబోర్డు ఎడమ చేతికి ఇచ్చి, షడ్జమం పంచమం మార్చి మార్చి కొట్టించండి. పెళ్లి పందిట్లో డీజే బాక్సుల మీద వాయిస్తే సబ్‌వూఫర్‌ను మామూలు స్థాయి కంటే 6 డెసిబెల్స్ తగ్గించమని ఆపరేటర్‌కు ముందే చెప్పాలి.

ఇంత విన్నా గిటార్, డ్రమ్స్ లేవన్న కొరత తీరనివాళ్లు వూ వూ బృందం వైపు వెళ్లండి. వాయిచెఖ్ వాగ్లెఫ్‌స్కి 1985లో పెట్టింది, రాక్ మీద శాక్సొఫోన్, జానపదం కలుస్తాయి. పోలిష్ మాటలు అర్థం కాకపోతే 2009లో ఉక్రెయిన్ బృందం హైదమాకీతో కలిసి చేసిన ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. అక్కడ మాటలకంటే బాకాలూ డ్రమ్సూ ముందుంటాయి. దీనికి మాత్రం బేస్ పెంచుకున్నా ఇబ్బంది లేదు.